రాతి ఒడ్డున గాలం వేసేవారికి ఏ బూట్లు?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. సెలవులు దొరికినప్పుడల్లా విశాఖపట్నం వెళ్ళి, మా బావమరిదితో కలిసి భీమిలి దారిలో సముద్రపు రాళ్ళ మీద నిలబడి గాలం వేయడం అలవాటైంది. పోయినసారి స్పోర్ట్స్ షూస్‌తో ఉండగా కాలు జారి మోకాలు చీరుకుపోయింది. ఇక్కడ దుకాణంలో అడిగితే గమ్‌బూట్లు తీసుకోమన్నారు. మా మామగారు మాత్రం వట్టి కాళ్ళకు ఉన్న పట్టు ఏ బూటుకూ రాదని, జాలరులను చూసి నేర్చుకోమని అంటారు. ఆయనకు అరవై దాటాయి, మధుమేహం ఉంది, అయినా మాతోపాటు రాళ్ళ మీదికి వస్తారు. సంక్రాంతికి అమెరికా నుంచి వస్తున్న మిత్రుడు అడుగున ఫెల్ట్ (ఒత్తి చేసిన దట్టమైన గుడ్డ వంటిది) అతికించిన బూట్లు తెస్తానంటున్నాడు. ఏవి మంచివి? హైదరాబాదులోనే పని జరిగే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు

సమాధానం: ముందు సూటిగా చెప్పవలసింది చెబుతాను. గమ్‌బూట్లు వద్దు. వట్టి కాళ్ళు మీకూ వద్దు, మీ మామగారికి అసలే వద్దు. మీ మిత్రుడు తెచ్చేవి ఫెల్ట్ అడుగులో చిన్న లోహపు మేకులు బిగించిన బూట్లయితే తప్పకుండా తెప్పించుకోండి. అవి చేతికి వచ్చేదాకా, లోపలికి వెళ్ళిన నీరు వెంటనే బయటికి పోయే, అడుగున మెత్తని రబ్బరు ఉన్న, చీలమండను కప్పే బూట్లు వేసుకుని, పొడిగా ఉన్న రాళ్ళ మీదనే నిలబడండి. ఈ మాటలకు కారణాలు తెలిస్తే రేపు దుకాణదారు మరొకటి చూపించినా మీరే నిర్ణయించుకోగలుగుతారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

విశాఖ నుంచి భీమిలి వరకు ఒడ్డున కనిపించే రాళ్ళలో ఎక్కువ భాగం తూర్పు కనుమలకు చెందిన ఖోండలైటు. ఆ రాయి సహజంగా గరుకైనది, పొడిగా ఉంటే మామూలు చెప్పుకు కూడా పట్టు దొరుకుతుంది. కాబట్టి మీరు జారింది రాయి మీద కాదు, రాయిని కప్పిన పొర మీద. బూట్లు ఎంచుకునేటప్పుడు చూడవలసింది ఆ పొరనే. ఆటు సమయంలో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, ఒడ్డున నిలబడి రాతిని పై నుంచి కిందికి శ్రద్ధగా చూడండి. అలలు నేరుగా తాకకుండా తుంపర మాత్రమే పడే పై భాగంలో ఒక నల్లని పట్టీ కనిపిస్తుంది. అది రాతి రంగులాగే ఉంటుంది, ఎండలో ముట్టుకుంటే గరుకుగానే తగులుతుంది. కానీ అది సూక్ష్మమైన నాచు జాతుల పూత. ఒక్క పెద్ద అల తుంపర పడిందంటే క్షణాల్లో జిగురుగా మారుతుంది. వచ్చేటప్పుడు పొడిగా ఉన్న దారిలో ధైర్యంగా దిగినవారు, తిరిగి వెళ్ళేటప్పుడు అదే దారిలో పడిపోవడానికి ఈ నల్లని పట్టీయే కారణం. దాని కింద తెల్లని గుల్లలు అంటుకున్న భాగం ఉంటుంది. బార్నకిల్స్ అని పిలిచే ఈ గుల్లల మీద పట్టు బాగుంటుంది కానీ వాటి అంచులు చర్మాన్ని సులభంగా కోస్తాయి. గుల్లల మధ్యనా, వాటికి దిగువనా పచ్చని పాచి పరుచుకుని ఉంటుంది. ఇంకా కిందికి పోతే గోధుమ, ఎరుపు రంగుల్లో పొడవాటి సముద్రపు నాచు వేలాడుతుంది. ఆ నాచు పెరిగిన చోటికి ఆటులో కూడా అల వస్తుంది కనుక గాలం వేసేవారికి అక్కడ పనిలేదు. పండుగప్ప కోసమో పార చేప కోసమో ఒక అడుగు ముందుకు వేయాలనిపించేది సరిగ్గా అక్కడే అని నాకు తెలుసు, అయినా చెబుతున్నాను.

మీ స్పోర్ట్స్ షూస్ ఎందుకు పట్టు ఇవ్వలేదో ఇప్పుడు చూడండి. పరుగు కోసం చేసిన బూట్ల అడుగున ఎక్కువ కాలం అరగకుండా ఉండటానికి గట్టి రబ్బరు వాడతారు. అది రోడ్డు మీద బాగుంటుంది. తడిసిన పాచి మీద మాత్రం ఆ రబ్బరు రాతిని తాకనే తాకదు, మధ్యనున్న జిగురు పొర మీద తేలుతుంది. రబ్బరు ఎంత ఖరీదైనదైనా ఈ సంగతి పూర్తిగా మారదు. మెత్తని రబ్బరు కొంత నయం, అంతే. పొరను దాటి రాతిని చేరగలిగేవి రెండే. ఒకటి ఫెల్ట్: ఒత్తి దట్టంగా చేసిన ఆ నూలుపోగుల వంటి పదార్థం పాచి పొరలోకి చొచ్చుకుపోయి, నీటిని పీల్చుకుంటూ కింది రాతిని పట్టుకుంటుంది. రెండవది లోహపు మొన, అది పొరను చీల్చి రాతి మీద ఆనుతుంది.

హైదరాబాదులో ఉన్నవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన హెచ్చరిక అవసరం. మన చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టలు 250 కోట్ల సంవత్సరాల నాటివి. ఖాజాగూడలోనో మౌలాలిలోనో వాటి మీద ఎక్కి దిగి బూట్లను పరీక్షించుకునేవారు చాలామంది ఉన్నారు. బూటు కాలికి సరిపోయిందా, దిగేటప్పుడు వేళ్ళు ముందుకు పోయి కొట్టుకుంటున్నాయా, చీలమండకు ఆసరా ఉందా అన్నవి ఆ గుట్టల మీద చక్కగా తెలుస్తాయి. పాచి మీద పట్టు ఎలా ఉంటుందన్నది మాత్రం అక్కడ ఏమాత్రం తెలియదు. పైగా పొడి గ్రానైటు మీద ఏ బూటైనా బ్రహ్మాండంగా నిలుస్తుంది కనుక లేనిపోని ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతో విశాఖ వెళ్ళడం ప్రమాదకరం.

ఫెల్ట్ అంటే అన్నింటికీ పరిష్కారం అనుకోవద్దు. పాచి పట్టిన రాతి మీద దానికి సాటి లేదు కానీ తడి గడ్డి మీద, బంకమట్టి మీద అది జారుతుంది. రోడ్డు నుంచి రాళ్ళ వరకు దిగే కాలిబాటలోనే పడిపోయే అవకాశం ఉంది. గరుకైన రాతి మీదా గుల్లల మీదా త్వరగా అరిగిపోతుంది. ఆరడానికి చాలా సమయం తీసుకుంటుంది. జిగురుతో అతికించినది కాబట్టి వేసవిలో కారు డిక్కీలో పడేసి మరచిపోతే హైదరాబాదు ఎండకు జిగురు మెత్తబడి ఊడివస్తుంది. ఇంకొక దోషం కూడా ఉంది. తడి ఫెల్ట్‌లో సూక్ష్మజీవులు చాలాసేపు బతికి ఒక నీటి నుంచి మరొక నీటికి చేరతాయి. డిడిమో అనే నాచు వ్యాపించడంతో న్యూజిలాండ్ 2008లో మంచినీటి చేపల వేటలో ఫెల్ట్ అడుగులను నిషేధించింది. అమెరికాలో మేరీల్యాండ్, అలాస్కా వంటి రాష్ట్రాలు ఆ తరువాత అదే దారి పట్టాయి. మీరు సముద్రానికి వాడిన బూట్లతోనే గండిపేటలోనో మరో చెరువులోనో దిగాలనుకుంటే ముందు శుభ్రంగా కడిగి, లోపలి వరకు పూర్తిగా ఆరనివ్వాలి.

లోహపు మేకుల విషయంలో గుర్తుంచుకోవలసింది వాటి గట్టిదనం. మామూలు ఉక్కు మేకు కొన్నాళ్ళకే మొన పోయి గుండ్రంగా అరుగుతుంది, ఉప్పునీటికి తుప్పు పడుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఉన్నవి చాలాకాలం నిలుస్తాయి. మేకులు నున్నని పొడి రాతి మీద, సిమెంటు మీద, ముఖ్యంగా రైల్వేస్టేషను గ్రానైటు పలకల మీద సర్రున జారుతాయి. కనుక వాటిని రాళ్ళ దగ్గరికి చేరాకే వేసుకోవాలి. కారు నడిపేటప్పుడు అసలు వేసుకోకూడదు. అమెరికా తూర్పు తీరంలో, న్యూయార్క్ రాష్ట్రపు మాంటాక్ వంటి చోట్ల, రాళ్ళ మీద వేటాడేవారు మామూలు బూట్ల మీద పట్టీలతో బిగించుకునే మేకుల తొడుగులను చాలాకాలంగా వాడుతున్నారు. కార్కర్స్ అనే పేరు అక్కడ బాగా వినిపిస్తుంది. మీ మిత్రుడికి సరైన కొలత బూట్లు దొరకకపోతే ఈ తొడుగు మంచి ప్రత్యామ్నాయం, సంచిలో వేసుకుని రైలులో విశాఖకు తీసుకువెళ్ళవచ్చు.

ఈ విషయంలో నాకు అన్నింటికన్నా స్పష్టంగా అనిపించేది జపాన్ వారి పద్ధతి. అక్కడ రాతి ఒడ్డున వేటాడటం ఒక ప్రత్యేకమైన విద్యగా ఎదిగింది. డైవా, షిమానో వంటి సంస్థలు ఒకే బూటును వేర్వేరు అడుగులతో అమ్ముతాయి. గరుకు రాళ్ళకు వట్టి మేకులు, పాచీ నాచూ ఉన్న నున్నని రాళ్ళకు ఫెల్ట్‌లో బిగించిన మేకులు, కాంక్రీటు గట్లకు గాడులు తీసిన రబ్బరు. భీమిలి దారిలోని రాళ్ళు ఒకే చోట గరుకుగానూ పాచిగానూ ఉంటాయి కనుక మనకు సరిపోయేది నడిమిది, అంటే ఫెల్ట్, మేకులు కలిసినది. ఫెల్ట్ పాచిని చూసుకుంటుంది, మేకులు గుల్లలనూ నాచునూ చూసుకుంటాయి, మేకులు ఉండటం వల్ల ఫెల్ట్ అరుగుదల కూడా తగ్గుతుంది.

కొందరు క్రికెట్ స్పైక్స్ వాడవచ్చా అని అడుగుతుంటారు, మీకూ ఆ ఆలోచన రావచ్చు. వద్దు. అవి మట్టిలోకి దిగడానికి చేసిన పొడవాటి మేకులు. రాతిలోకి దిగవు కనుక మనిషి బరువంతా కొన్ని మొనల మీద నిలబడి పాదం పక్కకు ఒరిగిపోతుంది. ఫుట్‌బాల్ బూట్ల గట్టి ప్లాస్టిక్ గుబ్బలైతే ఇంకా అన్యాయం.

ఇక గమ్‌బూట్లు. దుకాణదారు చెడు ఉద్దేశంతో చెప్పి ఉండరు. నీరు అనగానే నీరు లోపలికి రాని బూటు గుర్తుకు రావడం సహజం. కానీ రాతి ఒడ్డున అల మోకాలి పైకి వస్తుంది, బూటు పై అంచు నుంచి నీరు నిండుతుంది, నిండిన నీరు పోవడానికి దారి ఉండదు. నీటిలో పడ్డ మనిషిని ఆ బూటు రాయిలా కిందికి లాగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నీటిలో ఉన్నంతసేపు బూటులోని నీటికి అదనపు బరువు ఉండదు. అయితే వదులుగా ఊగే ఆ బూట్లతో కాళ్ళు ఆడించి ఈదడం చాలా కష్టం. అంతకన్నా ముఖ్యంగా, రాతిని పట్టుకుని పైకి ఎక్కబోయేటప్పుడు నీటి మట్టం దాటిన క్షణం నుంచి ఒక్కొక్క కాలికి లీటర్ల కొద్దీ నీటి బరువు వేలాడుతుంది. ఒక లీటరు నీరు ఒక కిలో. తరువాతి అల వచ్చేలోగా ఎక్కగలిగే మనిషిని ఆ బరువే ఆపేస్తుంది. నడుము దాకా వచ్చే వేడర్ల (బూట్లూ ప్యాంటూ కలిసిన, నీరు చొరని తొడుగుల) సంగతీ అంతే. అందుకే రాతి ఒడ్డుకు బూటు నీటిని ఆపేది కాకూడదు, వచ్చిన నీటిని వదిలేసేది కావాలి. పక్కల్లో వల లాంటి జాలీ, అడుగు అంచున రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. ట్రెక్కింగ్ బూట్లలో నీరు రాకుండా లోపల పొర ఉన్న రకాన్ని ఇదే కారణంతో వదిలేయండి. ఏ బూట్లు వేసుకున్నా వాటితో కాసేపు ఈదగలగాలి. ఈత రాదంటే రాళ్ళ మీదికి వెళ్ళే ముందు నేర్చుకోవాలి, వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాలి.

మీ మామగారి మాటను తేలిగ్గా తీసేయలేను. వట్టి పాదానికి స్పర్శ ఉంటుంది, రాయి తడిగా ఉందో జిగురుగా ఉందో అడుగు వేయగానే తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి ఇసుకలోనూ రాళ్ళలోనూ నడిచిన జాలరుల అరికాళ్ళు మందంగా ఉంటాయి. పైగా తమ ఊరి ఒడ్డున ఏ రాయి ఎలాంటిదో వారికి కంఠస్థం. ఆ పాదాలూ ఆ పరిచయమూ మనకు లేవు. అయితే ఆయన విషయంలో అసలు ప్రశ్న పట్టు గురించి కాదు. మధుమేహం ఎక్కువ కాలంగా ఉన్నవారిలో పాదాల స్పర్శ క్రమంగా తగ్గుతుంది. అంటే వట్టి కాళ్ళతో నడవడంలో ఉన్న ఒకే ఒక్క లాభం వారికి ఉండకపోవచ్చు. గుల్ల కోసినా తెలియదు. వెచ్చని ఉప్పునీటిలో విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా ఉంటుంది. అది చిన్న గాయం నుంచి లోపలికి వెళ్ళి, మధుమేహం, కాలేయ వ్యాధి ఉన్నవారిలో గంటల వ్యవధిలో కండరాన్ని కుళ్ళబెట్టేంత తీవ్రంగా మారగలదు. ఇది అరుదే, కానీ వచ్చినప్పుడు ఆలస్యానికి చోటివ్వదు. కాబట్టి ఆయన ముందు తమ వైద్యుని దగ్గర పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. వేళ్ళను పూర్తిగా కప్పే బూట్లు వేసుకోవాలి. వేట ముగిశాక పాదాలను వెలుతురులో, వేళ్ళ సందులతో సహా, మరొకరి చేత చూపించుకోవాలి. గీత పడితే మంచినీటితో, సబ్బుతో కడగాలి. ఎరుపు, వాపు, జ్వరం, గాయానికి మించిన నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం చేయకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకువెళ్ళి, సముద్రపు నీటిలో తెగిందనీ మధుమేహం ఉందనీ డాక్టరుకు చెప్పండి. ధనుర్వాతం టీకా వేయించుకుని ఎంతకాలమైందో మీరిద్దరూ చూసుకోండి. నా మటుకు నాకు, ఆయన ఇసుక ఒడ్డున కుర్చీ వేసుకుని పొడవాటి రాడ్డుతో వేయడమే మంచిదనిపిస్తుంది. పార చేపలు అక్కడికీ వస్తాయి. మీరు చెబితే వినకపోతే మీ బావమరిది చేత చెప్పించండి.

హైదరాబాదులో మార్గం ఉందా అన్నారు. రాతి ఒడ్డు కోసమే చేసిన బూట్లను ఇక్కడి దుకాణాల్లో వెతకడం కన్నా తెప్పించుకోవడమే తేలిక. అప్పటిదాకా డెకత్లాన్ వంటి పెద్ద క్రీడా సామగ్రి దుకాణాల్లో ట్రెక్కింగ్ బూట్లు చూడండి. అడుగు రబ్బరును గోటితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి, ముందు భాగంలో వేళ్ళకు గట్టి రక్షణ ఉండాలి, జాలీ రకమై ఉండాలి. అక్కడే దొరికే పలుచని ఆక్వా షూస్ స్విమ్మింగ్ పూలుకు, ఇసుకకు పనికివస్తాయి. గుల్లల అంచులు, సముద్రపు ముళ్ళ జీవుల ముళ్ళు వాటి అడుగును దాటి వస్తాయి కనుక రాళ్ళకు వద్దు. పాత బూట్లకు ఫెల్ట్ వేయించుకోవాలంటే, పారిశ్రామిక సామగ్రి దొరికే రాణిగంజ్‌లో దట్టమైన ఫెల్ట్ షీటు కోసం అడిగి చూడండి. దొరికితే మీ వీధి చివరి మోచీ చేత పాత అడుగును గరుకుగా గీయించి, రబ్బరు జిగురుతో అతికించి, అంచు పొడవునా కుట్టు వేయించండి. కుట్టు లేనిది ఉప్పునీటిలో ఎక్కువ రోజులు నిలవదు. మేకులు బిగించే ముందు అడుగు మందాన్ని కొలవాలి, లేకపోతే మొన పాదంలోకి వస్తుంది. మేకులు మడమ చుట్టూ, ముందరి పాదం అంచుల వెంబడి ఉండాలి. నడుమ ఫెల్ట్‌ను ఖాళీగా వదలాలి.

కొలత విషయంలో రెండు మాటలు చాలు. సాయంత్రం పూట, వేసుకోబోయే మేజోళ్ళతోనే బూటు తొడిగి చూడండి, రోజంతా తిరిగాక పాదం కొంత ఉబ్బుతుంది. నూలు మేజోళ్ళు తడిస్తే ముడతలు పడి బొబ్బలు తెస్తాయి కనుక సింథటిక్ మేజోళ్ళు తీసుకోండి. బూటు ముందు లోహపు కొక్కేలకు లేసులు చుట్టే రకం వద్దు, గాలం దారం ఆ కొక్కేలకు తగులుకుంటుంది. వేటలో దారం కాలికి చిక్కుకోవడం చాలా అపాయకరం. లేసులను రెండు ముడులు వేసి, కొసలు లోపలికి దోపండి.

బూటు ఎంత మంచిదైనా అల ముందు దాని శక్తి పరిమితం కాబట్టి ఈ నాలుగు మాటలు కూడా చదవండి. విశాఖ దగ్గర రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. మరునాడు అవే సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. పున్నమి, అమావాస్యలు గడిచిన ఒకటి రెండు రోజులకు తేడా ఎక్కువగా ఉండి, నీటిమట్టం దాదాపు ఒకటిన్నర మీటరు లేస్తుంది. ఆటులో దిగిన దారి పోటులో మూసుకుపోతుంది. అక్కడ గాలి లేకపోయినా, ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో దక్షిణాన హిందూ మహాసముద్రంలో పుట్టిన ఉబ్బు కెరటాలు మన ఒడ్డుకు చేరుతుంటాయి. వాటిని లెక్కగట్టి హెచ్చరికలు ఇచ్చే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, మీ కూకట్‌పల్లి పక్కనే ప్రగతినగర్‌లో ఉంది. రైలు ఎక్కే ముందు వారి వెబ్‌సైటులోనో ‘సముద్ర’ యాప్‌లోనో విశాఖ తీరానికి అలల హెచ్చరిక ఉందేమో చూసుకుని, ఉంటే ప్రయాణాన్ని వాయిదా వేసుకోండి. అక్కడికి చేరాక కూడా రాడ్డు విప్పకుండా ఇరవై నిమిషాలు పైన నిలబడి గమనించండి. ఎండలో తడిగా మెరుస్తున్న ప్రతి రాయీ కొద్దిసేపటి క్రితమే అల తాకిన రాయి. అంతకన్నా పైన పొడిగా ఉన్న రాతి మీదే నిలబడండి.

మీ మిత్రునికి ఈ రోజే కబురు పంపడం మంచిది. పాదం పొడవును సెంటీమీటర్లలో కొలిచి పంపండి, అమెరికా కొలతల అంకెలు మనవాటితో సరిపోవు. ఫెల్ట్‌లో టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులు ఉన్నవి, నీరు పోయే రంధ్రాలు ఉన్నవి, లేసులకు లోహపు కొక్కేలు లేనివి అని స్పష్టంగా రాయండి. విడిగా దొరికే అదనపు మేకుల పొట్లాన్ని, వాటిని బిగించే చిన్న పనిముట్టును కూడా తెమ్మనండి. మేకులు ఉన్న బూట్లను విమానంలో చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ సామానులో పెట్టమనండి. వచ్చాక మొదటిసారి వాటిని వేసుకునే రోజున గాలం పక్కన పెట్టి, ఆటు వేళ, మీ బావమరిది చేయి అందేంత దూరంలో ఉండగా, నడుమ ఉండే గుల్లల రాళ్ళ మీద మెల్లగా నడిచి చూడండి.